భయపడితే పది మార్కులు కోత

రాష్ట్ర బాలకథా సంస్కరణ సంస్థ జారీ చేసిన పదిహేడో నంబరు సర్క్యులరు ప్రకారం, జూన్ ఒకటో తేదీ నుంచి ఏ రాకుమారీ ఏడవకూడదు. అప్పటికే ఏడుస్తున్నవాళ్ళెవరైనా ఉంటే పదిహేను రోజుల్లోగా ఆపెయ్యాలి. మూర్ఛపోవడం, మేడ మీద నిలబడి ఎవరికోసమో ఎదురుచూడటం, మాంత్రికుడి గుహలో చిక్కుకుని కేకలు పెట్టడం తక్షణం రద్దు. జుట్టు పొడుగ్గా ఉండవచ్చు గానీ ఆ సంగతి కథలో బయటపెట్టకూడదు.

మొదలైంది మాత్రం మంచి ఉద్దేశంతోనే. పెద్దవాళ్ళెవరో ఒక సభలో, మన కథల్లో ఆడపిల్లలు ఎప్పుడూ ఎవరో వచ్చి కాపాడాలని చూస్తూ కూర్చుంటారు, ఇది మారాలి అన్నారు. ఆ మాట నిజమే. ఈ సంస్థలో కథలు తిరగరాసే వారిజ కూడా ఆ సభలో వెనక వరసలో కూర్చుని చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది. కానీ నిజమైన మాట ఏదైనా ఆఫీసులోకి వెళ్తే, ముందు దానికొక ఫైలు తెరుస్తారు, తర్వాత ఒక ఫారం అచ్చు వేయిస్తారు, ఫారం వచ్చాక ఆ మాట ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

ఈ ఫారం పేరు స్త్రీపాత్ర సాధికారత ధ్రువీకరణ పత్రం. కథలో కనిపించే ప్రతి ఆడ ప్రాణికీ, మహారాణి నుంచి పాలిచ్చే మేక దాకా, మూడేసి ప్రతుల్లో ఇది నింపాలి. వందకి డెబ్బై అయిదు వస్తేనే కథ సంస్థ అచ్చువేసే పుస్తకంలోకి వెళ్తుంది. ఏడిస్తే చుక్కకి అయిదు మార్కులు తీసేస్తారు. భయపడితే పది. సహాయం అడిగితే పదిహేను. పెళ్ళి చేసుకుంటే ఇరవై అయిదు పోతాయి, ఇష్టపడి చేసుకున్నానని రాతపూర్వకంగా తెలియజేస్తే అందులో సగం తిరిగి కలుపుతారు.

సంస్థ రాజమండ్రిలో ఒక పాత బంగళాలో ఉంది. డైరెక్టరు పానకాలరావు గారు మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. చేపపిల్లల మనుగడ శాతాన్ని మూడేళ్ళలో రెట్టింపు చేసిన మనిషి, రాకుమార్తెల మనుగడ ఒక లెక్కా అని ఆయన నమ్మకం. మంచివాడే. ఎవరైనా గట్టిగా తుమ్మినా కంగారుపడతాడు.

ఈ సంస్థలో ఏడుగురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. వాళ్ళకి వెనక వరండా చివర ఒక మరుగుదొడ్డి ఉంది. అంటే, ఉండేది. నలభై వేల సాధికారత పత్రాలు అచ్చయి వచ్చినప్పుడు వాటిని చెదలు పట్టని చోట పెట్టాలన్నారు. బంగళా మొత్తంలో సిమెంటు గోడలున్నది ఆ ఒక్క గదికే. పత్రాల కట్టలు నేల నుంచి కప్పు దాకా పేర్చి, తలుపుకి తాళం వేసి, తాళంచెవిని డైరెక్టరు గారు తన సొరుగులో పెట్టుకున్నారు. అప్పట్నుంచీ ఏడుగురూ వెనక సందులోంచి నడిచి టైలర్ గంగాభవాని ఇంటికి వెళ్ళి వస్తున్నారు.

"కాగితాలకి ఆ గదిలో ఏం పనమ్మగోరూ? అయ్యేమన్నా కూకుంటాయా?" అని అడిగింది ఊడ్చే నూకరత్నం.

ఆ మాట అడిగింది వారిజని. ఆమె కథా సహాయకురాలు, కాంట్రాక్టు మీద. పాత కథల్ని తిరగరాయడం ఆమె పని. ఏడాదిగా ఎవరి కథలు ఇస్తే వాళ్ళవి తిరగరాసింది. ఈసారి మాత్రం సొంతంగా ఒక కథ తెచ్చింది. అది వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథ. ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది కాబట్టి ఇప్పుడు ఆ కథ ప్రపంచంలో వారిజకి తప్ప ఎవరికీ తెలియదు. ఈ పుస్తకం రాష్ట్రంలో ప్రతి ప్రాథమిక పాఠశాలకీ వెళ్తుంది. అందులోకి ఎక్కితే ఆ కథ బతుకుతుంది. లేకపోతే తనతో పోతుంది. ఆమెకి ఆ ఒక్కటే కావాలి.

కథ పేరు పిరికి చిట్టెమ్మ. చిట్టెమ్మకి బల్లి అంటే భయం, ఉరుమంటే భయం, తన నీడంటే కూడా కాస్త భయం. ఒక రాక్షసుడు ఊళ్ళోంచి ఏడుగురు ఆడపిల్లల్ని ఎత్తుకుపోయి ఆవకాయ జాడీల్లో దాచుకుంటాడు. ఆరుగురు ధైర్యస్థులు, వెంటనే తిరగబడతారు, వెంటనే జాడీల్లో పడతారు. చిట్టెమ్మ తిరగబడదు. భయంతో అన్నీ చూస్తుంది. వాడు మధ్యాహ్నం అన్నం తిని ఎన్ని గురకలు పెడతాడో, ఏ తలుపు కిర్రుమంటుందో, జాడీల గది తాళంచెవి ఎక్కడ దాస్తాడో. ఇంతలో ఏడుపొస్తుంది. రాక్షసుడు ఏమైనా ఓర్చుకుంటాడు గానీ ఏడుపు ఓర్చుకోలేడు. ఆపవే తల్లీ అని బెల్లం ముక్క ఇస్తాడు. ఆపదు. దువ్వెన ఇస్తాడు. ఆపదు. పట్టుచీర ఇస్తాడు. చివరికి విసుగెత్తి తాళంచెవి ఆమె చేతిలో పడేసి, చెవులు మూసుకుని అడవిలోకి పారిపోతాడు. చిట్టెమ్మ ఆరు జాడీలూ తెరుస్తుంది. "అప్పటికీ దానికి భయం పోలేదు, భయపడుతూనే ఇంటికొచ్చింది" అని ముగించేది అమ్మమ్మ. ఆవిడా అలాంటిదే. ముప్ఫయ్యో ఏట మొగుడు పోతే, పొలం లాక్కోబోయిన బావగార్ల ముందు గజగజ వణుకుతూనే నిలబడి, ఒక్క సెంటు కూడా వదల్లేదు.

చిట్టెమ్మకి పత్రంలో వచ్చిన మార్కులు మైనస్ నలభై.

"టెక్నికల్‌గా చూస్తే ఈ పిల్ల సీడ్ క్వాలిటీయే బాలేదమ్మా" అన్నారు పానకాలరావు గారు. "కానీ మనం వదిలెయ్యం. అభివృద్ధి చేద్దాం."

అభివృద్ధి పని వాక్య సంస్కరణ ఉపసంఘానికి అప్పగించారు. ఆ ఉపసంఘమంటే విశ్రాంత ఆచార్యులు త్రివిక్రమం గారు ఒక్కరే. ఆయన వారిజని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎర్ర కలం తీశారు.

"రాక్షసుడు చిట్టెమ్మని ఎత్తుకుపోయాడు. ఇక్కడ క్రియ యావత్తూ రాక్షసుడి హస్తగతమైపోయింది. నాయిక కేవలం సామానుగా మిగిలింది. కర్తృత్వం ఆమెకు ప్రసాదించాలి" అంటూ రాశారు: రాక్షసునితో కలసి ప్రయాణించవలెనని చిట్టెమ్మ నిర్ణయించుకొన్నది.

"ఆమె నిర్ణయించుకోలేదండి. వాడు జుట్టు పట్టుకుని లాక్కుపోయాడు" అంది వారిజ.

"జుట్టు ప్రస్తావన నిషిద్ధం కదమ్మా."

అలా నాలుగు రోజులు సాగింది. చిట్టెమ్మ నిద్రపోయింది అన్నచోట విశ్రాంతి హక్కును వినియోగించుకొన్నది అని పడింది. ఏడ్చింది అన్నచోట తన భావోద్వేగములను సమీక్షించుకొన్నది అని పడింది. పరిగెత్తింది అంటే భయపడినట్టు ధ్వనిస్తుందని, వేగముగా ముందంజ వేసినది అన్నారు. అయినా మార్కులు ముప్ఫై దాటలేదు.

తర్వాత ఆమెకి కర్రసాము నేర్పించారు. ఈత నేర్పించారు. న్యాయశాస్త్రంలో పట్టా ఇప్పించారు. వృక్షశాస్త్రంలో కూడా ఇప్పిద్దామని డైరెక్టరు గారు అంటే, రాక్షసుడికి అడవి ఉంది కాబట్టి సబబేనని ఆచార్యుల వారు ఒప్పుకున్నారు. ఇప్పుడు చిట్టెమ్మకి అన్నీ తెలుసు. అన్నీ తెలిసినామె రాక్షసుడికి ఎలా దొరుకుతుందని కొత్త చిక్కు వచ్చింది. దొరక్కూడదని తీర్మానించారు. మిగిలిన ఆరుగురు మాత్రం ఎందుకు దొరకాలి, వాళ్ళు ఆడపిల్లలు కారా అని ఆచార్యుల వారు ఆవేశపడ్డారు. వాళ్ళకీ పట్టాలిచ్చారు. జాడీలు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత లెక్క పెడితే రాక్షసుడికి పదకొండు వాక్యాలు, నాయికకి తొమ్మిదే ఉన్నాయి. రాక్షసుణ్ణి తీసేశారు.

చివరికి అచ్చుకి వెళ్ళిన కథ పూర్తి పాఠం ఇది: అనగనగా ఒక ఊరిలో చిట్టెమ్మ అను సాధికార యువతి కలదు. ఆమెకు ఏ సమస్యయూ లేదు.

వందకి వంద. సంస్థ చరిత్రలో మొదటిసారి. పానకాలరావు గారు స్వీట్లు పంచారు. వారిజ తన వంతు లడ్డూని కాగితంలో చుట్టి బల్ల మీదే వదిలేసింది. అమ్మమ్మని రెండోసారి సాగనంపినట్టు ఉంది ఆమెకి.

ఆ ఉత్సాహంలోనే పద్దెనిమిదో సర్క్యులరు వచ్చింది. కథల్లో ఆడవాళ్ళు ఇంత ఎత్తుకి ఎదిగితే సంస్థలో ఆడవాళ్ళు వెనకబడి ఉండటం శోభించదు కాబట్టి, ఇకనుంచి మహిళా సిబ్బందికి కూడా అదే పత్రం, అవే మార్కులు, ఏడాది చివర కాంట్రాక్టు పొడిగింపుకి అదే ఆధారం అన్నారు. ముందు రోజే ఏడుగురూ సంతకాలు పెట్టి, మా గది మాకు ఇప్పించండి అని అర్జీ ఇచ్చి ఉన్నారు. అర్జీ తిరిగొచ్చింది. అడుగున పచ్చ సిరాతో ఇలా ఉంది: సాధికార స్త్రీ సహాయం అర్థించదు. అర్జీదారులకు తలా పదిహేను మార్కులు తగ్గించడమైనది.

"చదవండమ్మగోరూ, ఏం రాసేరు?" అంది నూకరత్నం.

వారిజ చదివింది.

"అయితే మనం ఎదిగిపోయేమంటారు. సర్లెండి, గంగాబవాని ఇంటికి పదండి, ఎదిగినా ఆగదు కదా."

పుస్తకావిష్కరణకి మహిళా కమిషనర్ గారు వచ్చారు. నాలుగు గంటలు కారులో ప్రయాణం చేసి వచ్చిన ఆవిడ, పూలగుత్తి అందుకుని, పక్కన నిలబడ్డ వారిజ చెవిలో ఒకే ఒక్క మాట అడిగారు. వారిజ డైరెక్టరు వైపు చూసింది. ఆయన వారిజని స్తంభం పక్కకి లాగారు.

"గదినిండా సర్టిఫికెట్లున్నాయి. ఇప్పుడెలా? ఏదో ఒకటి చెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది."

"సహాయం అడిగితే పదిహేను మార్కులు పోతాయండి" అంది వారిజ. అన్నాక భయం వేసింది. పది మార్కులు పోయాయి అనుకుంది.

కమిషనర్ గారిని వెనక సందులోకి తీసుకెళ్ళింది. "ఎడం వైపు నడవండి మేడమ్. కుడి వైపు అరుగు కింద ఎర్రకుక్క పడుకుంటుంది. తెల్లది ఏమీ అనదు. ఆ మలుపులో కుక్కపిల్లల తల్లి ఉంది, అక్కడ మాత్రం మాట్లాడకూడదు."

మలుపు దాటాక కమిషనర్ గారు అడిగారు. "రోజూ ఇలాగే వస్తారా? మీకు భయం లేదా?"

"చచ్చేంత భయమండి. అందుకే ఏది ఎక్కడ పడుకుంటుందో తెలుసు."

ఆవిడ ఆగి, వారిజని ఎగాదిగా చూశారు. "ఇలాంటి అమ్మాయి మీ పుస్తకంలో ఉందా?"

"ఉండేదండి. మార్కులు చాలక తీసేశారు."

తిరిగి వచ్చేటప్పుడు వారిజ చిట్టెమ్మ కథ మొత్తం చెప్పింది. బెల్లం ముక్క దగ్గర కమిషనర్ గారు నవ్వారు, జాడీలు తెరిచే చోట నవ్వలేదు.

సభలో రెండు బడుల పిల్లలు ఆ కొత్త పుస్తకంతోనే విసురుకుంటూ కూర్చుని ఉన్నారు. కమిషనర్ గారు మొదటి కథ పైకి చదివారు. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. "తర్వాత?" అని డైరెక్టరుని అడిగారు.

"తర్వాత ఏం లేదు మేడమ్. వందకి వంద."

ఆవిడ పుస్తకం మూసి, సందులో విన్న కథ చెప్పారు. పిల్లల చేతుల్లో పుస్తకాలు ఊగడం ఆగిపోయింది. ఆఖర్న ఆవిడ, "ఏడుపొస్తే ఏడవండమ్మా, ఏడ్చాక చెయ్యాల్సిన పని చెయ్యండి" అన్నారు. దిగివచ్చి, డైరెక్టరుతో ముందా గది ఖాళీ చేయించమని, ఆ కథ మలి ముద్రణలో వెయ్యమని చెప్పి కారెక్కారు. పెద్దవాళ్ళ మాటలు డైరీలో రాసుకోవడం పానకాలరావు గారికి మత్స్యశాఖ నుంచీ అలవాటు. ఆ రోజు ఏడుపొస్తే ఏడవండి అన్నంతవరకూ రాసుకున్నారు. రెండో సగం వచ్చేసరికి ఆయన శాలువా మడత విప్పుతున్నారు.

నాలుగో రోజు పందొమ్మిదో సర్క్యులరు వచ్చింది. ప్రభుత్వ ఉద్దేశాలకు అనుగుణంగా ఇకపై ప్రతి నాయికా పేజీకి ఒకసారికి తక్కువ కాకుండా ఏడవాలి, పేరాకి ఒకసారైనా భయపడాలి. ఏడవని నాయికలకి సంజాయిషీ నోటీసులు. మహిళా సిబ్బంది వారానికి ఒకసారి వరండాలో పెట్టిన పుస్తకంలో ఏడుపు నమోదు చేసి, సమయం, కారణం రాయాలి.

"నాకు ఏడుపు రాదండి. ఉల్లిపాయలు ఆఫీసోళ్ళిత్తారా, మనమే తెచ్చుకోవాలా?" అంది నూకరత్నం.

మరుగుదొడ్డి గది నిజంగానే ఖాళీ చేయించారు. నలభై వేల పత్రాలు లారీలో వెళ్ళిపోయాయి. మర్నాడు అదే లారీలో కన్నీటి నమోదు పత్రాలు యాభై వేలు దిగాయి. వాటికీ సిమెంటు గోడలే కావాలి, తాళంచెవి మళ్ళీ సొరుగులోకే వెళ్ళింది.

ఇక పిరికి చిట్టెమ్మ. వారిజ అమ్మమ్మ చెప్పినట్టే, ఒక్క మాట మార్చకుండా మళ్ళీ రాసి ఇచ్చింది. ఈసారి అభ్యంతరం ఉండదనుకుంది. ఫైలు తిరిగొచ్చింది. నాయిక మొత్తం మీద నాలుగుసార్లే ఏడ్చినది, తొమ్మిది కావలెను. గురకలు లెక్కించుట, తాళంచెవి కనిపెట్టుట మున్నగు చర్యల వలన ఆమె దుర్బలత్వము సందేహాస్పదమగుచున్నది. జాడీలు తెరచుట తొలగించి, అక్కడే కూర్చుని ఏడ్చుచున్నట్లు ముగించవలెను. కింద ఆచార్యుల వారి సంతకం.

ఆ రోజు వారిజ కాంట్రాక్టుకి చివరి రోజు. సాయంత్రం అయిదింటికి ఫైళ్ళు అచ్చుకి వెళ్ళిపోతాయి. ఆమె ఫైలు పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. నాలుగు మాటలు గట్టిగా అడుగుదామని దారిపొడుగునా కూడబలుక్కుంది. కుర్చీలో కూర్చుని, "సార్, మా అమ్మమ్మ" అంది. ఏడుపొచ్చింది. అది మర్యాదగా కళ్ళొత్తుకునే ఏడుపు కాదు. ముక్కు కారి, భుజాలు ఎగిరిపడి, వరండా దాకా వినిపించే ఏడుపు. ఏడాదిగా ఆ ఎర్ర కలం, ఆ పచ్చ సిరా, ఆ సందులో కుక్కలు, అమ్మమ్మ, అన్నీ కలిసి ఒక్కసారి వచ్చాయి.

పానకాలరావు గారు కంగారుగా లేచి నిలబడ్డారు. "అమ్మా, నమోదు పుస్తకం బయట ఉంది కదా" అన్నారు. ఏడుపు ఎక్కువైంది. వద్దు అనడానికి సర్క్యులరు ఒప్పుకోదు, దాని మీద ఆయన సంతకమే ఉంది. గ్లాసుతో మంచినీళ్ళు జరిపారు. ఆగలేదు. సొరుగులోంచి బిస్కెట్ల పొట్లం తీసి ఇచ్చారు. ఆగలేదు. సభలో మిగిలిన శాలువా బీరువాలోంచి తీసి ఆమె భుజాల మీద కప్పారు.

శాలువా మీద పడగానే వారిజకి తెలిసింది తాను ఎక్కడుందో. ఏడుపు నిజమే. ఆపుదామన్నా ఆగేది కాదు. కానీ బెల్లం, దువ్వెన, చీర అయ్యాక ఏమొస్తుందో కూడా ఆమెకి తెలుసు, అదీ నిజమే. వెక్కుతూనే ఫైలు ముందుకు జరిపింది. ఆయన చదవలేదు. యథాతథంగా ప్రచురించవచ్చును అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టారు. దాని కిందే ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఉంది. దానికీ పెట్టారు. ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆమె కళ్ళు సొరుగు వైపు ఉన్నాయి.

"ఇంకేం కావాలి తల్లీ?" అన్నారు పానకాలరావు గారు. సొరుగు లాగి, తాళంచెవి ఆమె చేతిలో పడేసి, మీటింగుందని గొణుక్కుంటూ చెవుల మీద చేతులు పెట్టుకుని జీపు వైపు వెళ్ళిపోయారు.

వెనక వరండాలో నూకరత్నం, మిగిలిన అయిదుగురూ నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. తాళం తీశాక ఆరుగురూ కలిసి కన్నీటి పత్రాల కట్టలు మోసుకెళ్ళి డైరెక్టరు గారి గదిలో, ఆయన కుర్చీ చుట్టూ, కప్పు దాకా పేర్చారు. నూకరత్నం గది కడిగి బకెట్టు నింపింది. తర్వాత ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి వచ్చారు, ఆరుగురూ, తొందర లేకుండా.

వారిజ తలుపు పక్కన శాలువాతోనే నిలబడి ఉంది. తాళంచెవి ఆమె గుప్పిట్లో ఉంది.

"ఏడుపు నిజందేనా అమ్మగోరూ?" అంది నూకరత్నం.

"నిజందే."

"భయమేసిందా?"

"ఇంకా వేస్తోంది" అంది వారిజ. తాళంచెవిని కొంగున ముడేసుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.